గోల్ ఒక్కటే చూపిస్తే ఎవరు చూస్తారు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పిల్లల జట్ల హైలైట్ వీడియోల మీదే. సీజన్ అయ్యేసరికి ఫోన్ నిండా ఫుటేజీ ఉంటుంది, జట్టులో అందరూ "వీడియో ఎప్పుడు?" అని అడుగుతుంటారు, చివరికి ఎవరో ఒక తల్లో తండ్రో మెడకి ఆ పని చుట్టుకుంటుంది. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, రాసినవాళ్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అబ్బాయి అండర్-12 ఫుట్‌బాల్ జట్టులో ఆడతాడు. సీజన్ మొత్తం మ్యాచ్‌లు నేనే ఫోన్‌లో తీశాను. గోల్స్ అన్నీ ఏరి, ఒకదాని వెనక ఒకటి అతికించి, పాట పెట్టి 11 నిమిషాల వీడియో చేశాను. గ్రూపులో పెడితే అందరూ "సూపర్" అన్నారు గానీ చివరిదాకా చూసినవాళ్లు కనపడలేదు, మా వాడితో సహా. తేడా ఎక్కడ కొట్టింది?

జవాబు: 11 నిమిషాలు ఎక్కువే, కానీ నిడివిని తర్వాత చూసుకుందాం. అసలు తేడా గోల్స్ మాత్రమే ఏరడం దగ్గర వచ్చింది. బంతి గీత దాటడం రెప్పపాటులో అయిపోతుంది, అదే పదోసారి చూసేసరికి ఇందాకటి గోల్‌కీ దీనికీ తేడా తెలియదు. చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేది బంతి లోపలికి వెళ్లాక కాదండీ, వెళ్తుందో లేదో తెలియని ఆ కాస్త సేపు. మీరు కత్తిరించి పారేసింది సరిగ్గా ఆ కాస్తనే.

మీ ఫుటేజీలో ఇలాంటి గోల్ ఒకటైనా ఉండే ఉంటుంది: కుడి పక్కన ఉన్న కుర్రాడు అవతలి జట్టువాడి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాగేసుకున్నాడు, రెండడుగులు పరుగెత్తి తలెత్తి చూశాడు, మధ్యలోకి పాస్ ఇచ్చాడు, అక్కడున్నవాడు ఆపకుండా కొట్టాడు, బంతి కీపర్ వేళ్లకి తగిలి లోపలికి దొర్లింది. మీరు బహుశా "కొట్టాడు" దగ్గర మొదలుపెట్టి "దొర్లింది" దగ్గర ఆపేసి ఉంటారు, మొత్తం కలిపి రెండు సెకన్లు. నేనైతే "లాగేసుకున్నాడు" దగ్గర మొదలుపెట్టి, గోల్ అయ్యాక కొట్టినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపిస్తూ పరుగెత్తేదాకా ఉంచుతాను. ఏడెనిమిది సెకన్లు పడుతుంది. నిడివి పెరిగినా చిన్నదిగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు అందులో ఒక కథ ఉంది, ఒకడికి బదులు ఇద్దరున్నారు.

అలా అని అన్ని గోల్స్‌కీ ఈ మర్యాద చేయకండి. మంచివి మూడో నాలుగో ఎంచుకుని పూర్తిగా చూపించండి, మిగతావి ఒక్కోటి సెకను, సెకనున్నర చొప్పున గబగబా వరసగా వేసేయండి. మధ్యలో గోల్ కానివి రావాలి. కీపర్ ఎగిరి ఆపిన బంతి, గీత మీద నుంచి తన్నేసిన డిఫెండర్, గోల్‌పోస్ట్‌కి తగిలి వెనక్కొచ్చిన షాట్. పోస్ట్‌కి తగిలిన షాట్ అయితే నాకు గోల్ కంటే ఎక్కువ ఇష్టం, దాని తర్వాత పిల్లల మొహాలు చూడాలి!

వరస గురించి ఒక మాట. తేదీల ప్రకారం పేర్చాల్సిన అవసరం లేదు, ఏ మ్యాచ్ ముందు జరిగిందో ఎవరికీ పట్టదు. మీ దగ్గరున్నవాటిలో రెండో మంచి క్లిప్‌తో మొదలుపెట్టండి, అన్నిటికన్నా మంచిదాన్ని చివరికి కొంచెం ముందు పెట్టండి, ఆ తర్వాత సంబరాలు, నవ్వులు, జట్టు ఫోటో. మొదటి పది సెకన్లలో లోగోలు, గిరగిర తిరిగే టైటిళ్లు వద్దు. మొత్తం మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు.

గంటల కొద్దీ ఫుటేజీలోంచి ఏరడం ఎలా అంటారా? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా కనిపించే పట్టీ ఉంటుంది కదా, ఆ టైమ్‌లైన్‌లో శబ్దం గీతలు చూడండి. జనం అరిచిన చోట అవి లేచి ఉంటాయి, ముందు అక్కడికి వెళ్లి చూసుకోండి, సగం పని అయిపోతుంది. వచ్చే సీజన్ నుంచి ఇంకో చిట్కా: మంచి ఆట జరగ్గానే, ఆ సందడి కూడా తీసేశాక, అరచేత్తో లెన్స్‌ని ఒక సెకను మూసేయండి. ఎడిటింగ్‌లో వీడియో స్ట్రిప్ మీద నల్ల ముక్కలా కనిపిస్తుంది, దానికి ముందున్నదే మీకు కావలసిన క్లిప్. ఒక మ్యాచ్‌లో ఇరవై నల్ల ముక్కలుంటే మిగతా గంటంతా చూడనక్కర్లేదు. గోల్ అవగానే మాత్రం రికార్డింగ్ ఆపేయకండి, చాలామంది చేసేది అదే. ఫోన్ కిందికి దించేసి చప్పట్లు కొడతారు, ఆ తర్వాతి అయిదు సెకన్లే అన్నిటికన్నా బాగుంటాయి.

ప్రశ్న: పాట బీట్‌కి తగ్గట్టు కట్ చేస్తే ఊపు వస్తుందంటారు. ప్రతి బీట్‌కీ కట్ చేశాను, చూస్తుంటే తల తిరుగుతోంది.

జవాబు: తిరగదా మరి! పాట వేగం 120 బీపీఎం అనుకోండి, అంటే నిమిషానికి 120 బీట్లు, బీట్‌కి అర సెకను. సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు ఉండే వీడియోలో అది 15 ఫ్రేములు. అర సెకనుకో షాట్ మారితే బంతి ఎక్కడుందో కంటికి దొరికేలోపే అది మాయమవుతుంది. నాలుగు బీట్లకి ఒక కట్, అంటే రెండు సెకన్లకి ఒకటి, ఆటల వీడియోకి అదే మామూలు నడక అనుకోండి. ఉద్ధృతి కావాల్సిన చోట ఒక పది సెకన్ల పాటు రెండు బీట్లకి ఒకటి చేయండి, మళ్లీ నెమ్మదించండి.

ఇంతకీ బీట్ మీద పడాల్సింది కట్ కాదు, దెబ్బ. బ్యాట్‌కి బంతి తగలడం, వాలీబాల్‌లో స్పైక్ కొట్టిన బంతి నేలకి తగలడం, కబడ్డీ రెయిడర్ చెయ్యి లైన్ అందుకోవడం లాంటివి సరిగ్గా బీట్ మీద పడేలా క్లిప్‌ని జరపండి, కట్ అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. పాట వింటూ బీట్లు పడే చోట టైమ్‌లైన్ మీద గుర్తులు, అంటే మార్కర్లు పెట్టుకోండి (చాలా సాఫ్ట్‌వేర్లలో ఎమ్ కీ నొక్కితే చాలు), తర్వాత దెబ్బ పడిన ఫ్రేముని మార్కర్ కిందికి తెచ్చుకోవడమే.

ఇంకోటి, పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే గొంతుతో అరుస్తుంటే ఏ క్లిప్‌కీ విలువ ఉండదు. మైదానం శబ్దాన్ని పూర్తిగా మ్యూట్ చేసేస్తారు చాలామంది, నాకు నచ్చనిది అదే. షూ రాసుకున్న చప్పుడు, విజిల్, "వదిలెయ్, నాది!" అని అరిచిన గొంతు, ఇవి పాట కింద సన్నగా వినపడనివ్వండి. అన్నిటికన్నా మంచి క్లిప్ వచ్చినప్పుడు మాత్రం దెబ్బకి ముందు ఒక్క సెకను పాటని పూర్తిగా ఆపేసి, దెబ్బతో పాటే మళ్లీ మొదలుపెట్టండి. వీడియో మొత్తంలో ఒక్కసారే సుమా, రెండోసారి చేస్తే పస తగ్గిపోతుంది. అలాగే తర్వాతి సీన్ విజిల్ బొమ్మ కంటే అర సెకను ముందే వినిపిస్తే కట్ అతుకు తెలియదు. ఎడిటర్లు దీన్ని జే-కట్ అంటారు.

ప్రశ్న: స్లో మోషన్ పెడితే నా వీడియో జెర్క్ ఇస్తోంది. టీవీలో అంత మెత్తగా ఎలా వస్తుంది?

జవాబు: మీరు సెకనుకి 30 ఫ్రేములతో తీసి ఉంటారు. దాన్ని సగం వేగానికి తగ్గిస్తే సెకనుకి 15 ఫ్రేములే మిగులుతాయి, ఖాళీల్లో చూపించడానికి బొమ్మలు లేవు, అందుకే ఎగుడుదిగుడు. 60తో తీసి 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే సగం వేగం శుభ్రంగా వస్తుంది, 120తో తీస్తే పావు వేగం. అంటే స్లో మోషన్ సంగతి మైదానంలోనే తేలిపోవాలి.

ఇప్పటికే తీసేసినవాటికి ఆప్టికల్ ఫ్లో అనే సదుపాయం ఉంది, డావిన్చి రిజాల్వ్, ప్రీమియర్ ప్రో లాంటివాటిలో. రెండు ఫ్రేముల మధ్య లేని బొమ్మని అది ఊహించి పుట్టిస్తుంది. ఒక్కడే పరుగెత్తే షాట్‌లో పర్వాలేదు, నలుగురి కాళ్లు కలిసిపోయిన చోట, బంతి వల వెనకాల ఉన్న చోట మాత్రం పాదాలు కరిగిపోయినట్టు వింతగా వస్తాయి. ఒకసారి ఫ్రేము ఫ్రేముగా చూసుకున్నాకే ఉంచండి. షటర్ వేగం (ఒక్కో బొమ్మకి కెమెరా వెలుతురు పట్టే సమయం) చేత్తో పెట్టుకునే వీలుంటే పగటిపూట ఆటలకి 1/500 నుంచి 1/1000 సెకను పెట్టండి, బంతి చారలా సాగకుండా గుండ్రంగా కనిపిస్తుంది. అదే ఇండోర్ హాల్లో అయితే కొన్ని లైట్ల కింద వీడియో రెపరెపలాడుతుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట 1/100కి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120కి దించితే చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: క్రికెట్ బౌండరీ దగ్గర నిలబడి తీశాను. బ్యాట్స్‌మన్ కొట్టేశాక కాసేపటికి "టక్" అని వినిపిస్తోంది. ఫోన్ పాడైందా?

జవాబు: ఫోన్ బాగానే ఉంది. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది. మీరు పిచ్‌కి 70 మీటర్ల దూరంలో ఉంటే ఆ "టక్" మీ దాకా రావడానికి సుమారు 0.2 సెకను, అంటే 30 ఫ్రేముల వీడియోలో 6 ఫ్రేములు ఆలస్యం. ఎడిటింగ్‌లో ఆడియోని వీడియో నుంచి విడదీసి, ఆ ఆరు ఫ్రేములూ ఎడమకి జరపండి. షాట్‌కి ఎంత బలం వస్తుందో మీకే తెలుస్తుంది.

అలా కాకుండా క్లిప్ మొదట్లో సరిగ్గానే ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే మాత్రం కారణం వేరు. ఫోన్లు ఒకే ఫ్రేమ్ రేటు పట్టుకుని ఉండవు, వెలుతురుని బట్టి, ఫోన్ వేడిని బట్టి మారుస్తుంటాయి, కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ మార్పు దగ్గర తికమకపడతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని క్లిప్‌ని ఒకసారి మార్చుకుని, ఆ తర్వాత ఎడిట్ చేయండి.

ప్రశ్న: మా బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరే ఎక్కువ పాయింట్లు కొడతారు. వీడియో నిండా వాళ్లే. మిగతా పిల్లల తల్లిదండ్రులు మొహం మీద అనరు గానీ, నాకు అర్థమవుతోంది. ఆడనివాళ్లని ఎలా చూపించను? (కోచ్)

జవాబు: సార్, ముందు ఒక కాగితం మీద జెర్సీ నంబర్లన్నీ రాసుకోండి. కట్ పూర్తయ్యాక వీడియో చూస్తూ ఒక్కొక్కరు కనిపించినప్పుడల్లా టిక్ పెట్టండి. గుంపులో భుజం కనిపిస్తే టిక్ కాదు, ఆ పిల్ల ఏదో చేస్తూ, మొహం తెలిసేలా కనిపిస్తేనే టిక్. ఖాళీగా మిగిలిన నంబర్ల కోసం మళ్లీ ఫుటేజీలోకి వెళ్లాలి. విసుగే, కానీ జట్టు వీడియో అని పేరు పెట్టాక తప్పదు.

దొరకదని భయం వద్దు. స్కోరు కొట్టనివాళ్లు కోర్టులో ఊరికే నిలబడరు కదా. స్కోరర్‌కి దారి ఇవ్వడానికి డిఫెండర్‌ని అడ్డుకుని స్క్రీన్ పెట్టిన అమ్మాయిని తీసుకోండి, ఆ బాస్కెట్ సగం ఆమెదే, కానీ బంతిని వెంబడించే కంటికి ఆమె అస్సలు కనపడదు. 4కేలో (వెడల్పూ ఎత్తూ 1080 వీడియోకి రెండింతలుండే సైజు) తీసి ఉంటే 1080 వీడియో కోసం రెండింతల దాకా జూమ్ చేసినా బొమ్మ చెడదు, కాబట్టి ఆ స్క్రీన్‌ని దగ్గరగా చూపించి, అదే ఆటని మళ్లీ మొత్తంగా వేయండి. రీప్లే పెట్టడానికి అంతకన్నా మంచి కారణం ఉండదు. బంతి కోసం నేల మీద పడిపోయినవాడు, రీబౌండ్‌కి ఎగిరినవాడు, టైమవుట్‌లో పక్కవాడి వీపు తట్టినవాడు, వీళ్లందరికీ చోటుంది. బెంచి మీదివాళ్లనైతే లేచి అరుస్తున్నప్పుడు తీయండి. దిగులుగా కూర్చున్నప్పుడు తీసి విషాద సంగీతం పెట్టారంటే ఆ పిల్లాడికి జన్మలో గుర్తుండిపోతుంది.

అవతలి జట్టు కూడా పిల్లలే. కీపర్ కాళ్ల మధ్య నుంచి పోయిన బంతిని మూడుసార్లు రీప్లే చేసి, నవ్వుల శబ్దం కలిపిన వీడియోలు చూస్తుంటాను. అది సరదా కాదండీ. ఏడుస్తున్న మొహాలు, గాయాలు, గొడవలు ఎవరివైనా సరే తీసేయండి.

ఒకటి మర్చిపోయాను, కెమెరా కోర్టుకి ఒకే పక్కన ఉండాలి. సగం మ్యాచ్ ఈ పక్క నుంచి, సగం ఆ పక్క నుంచి తీసి కలిపేస్తే మీ జట్టు ఒక షాట్‌లో కుడికి, తర్వాతి షాట్‌లో ఎడమకి దాడి చేస్తున్నట్టు కనిపించి చూసేవాళ్లకి దిక్కు తెలియదు.

ప్రశ్న: సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో వేస్తే వీడియో ఆగిపోయింది. కింద "హక్కులు అసలు యజమానివే" అని రాశాను కూడా.

జవాబు: ఆ వాక్యం వల్ల ఉపయోగం ఏమీ లేదు. కాంటెంట్ ఐడీ అనే వ్యవస్థ పాటని వినే పట్టేస్తుంది, మీరు కింద రాసింది చదవదు. పాట డబ్బులిచ్చి కొన్నా, యాప్‌కి నెలనెలా చందా కడుతున్నా మీకు దక్కేది వినే హక్కే, వీడియోకి వాడే హక్కు కాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం దొరుకుతుంది, కొన్నిటికి స్వరకర్త పేరు వేయాలి, ఏది ఏమిటో పక్కనే ఉంటుంది. లేదా జట్టులో డప్పో డ్రమ్సో వాయించేవాడు ఉన్నాడేమో అడగండి, రెండు నిమిషాలు రికార్డు చేస్తే ఏ గొడవా లేదు.

ప్రశ్న: టైటిల్ తెలుగులో వేస్తే ఒత్తులు విడిపోయి, అక్షరాలు చెల్లాచెదురుగా వస్తున్నాయి.

జవాబు: ప్రీమియర్ ప్రోలో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చండి. వేరే సాఫ్ట్‌వేర్ మొండికేస్తే, తెలుగు సరిగ్గా వచ్చే ఇంకేదైనా యాప్‌లో టైటిల్ చేసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా దించుకుని, వీడియో మీద పెట్టేయండి. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు బోల్డ్‌లో బాగుంటుంది. సన్నటి ఫాంట్లు పచ్చిక మీద కనపడవు.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. వాలీబాల్‌లో లిబరోని, అంటే వెనక వరసలో డిఫెన్స్ మాత్రమే ఆడేదాన్ని. సెలక్షన్ కోసం వీడియో పంపమన్నారు. మా జట్టు హైలైట్ వీడియోలోంచి నా ముక్కలు కట్ చేసి పంపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు తల్లీ. అది నీ స్నేహితులు చూసి మురిసిపోవడానికి, ఇది ఒక కోచ్ నిన్ను అంచనా వేయడానికి. పైన అందరికీ చెప్పినవాటిలో సగం నువ్వు మర్చిపోవాలి. పాట వద్దు, స్లో మోషన్ వద్దు, మెరుపులు అసలే వద్దు. ర్యాలీ మామూలు వేగంతో, నీ డిగ్‌కి, అంటే అవతలివాళ్లు కొట్టిన బంతిని నేలకి తగలకుండా లేపడానికి ముందు నువ్వు ఎక్కడ నిలబడ్డావో కనిపించేలా, బంతి దాడికి అందించే సెట్టర్ చేతికి చేరేదాకా ఉండాలి. లిబరో విలువంతా ఆ చేరడంలోనే ఉంది, బంతిని పైకి లేపి వదిలేస్తే ఎవరైనా లేపుతారు.

లిబరో జెర్సీ రంగు వేరు కాబట్టి నిన్ను గుర్తుపట్టడం తేలిక, అయినా మొదటి రెండు మూడు క్లిప్పులకి ఆట మొదలయ్యే ముందు ఒక క్షణం ఫ్రేము ఆపి, నీ చుట్టూ గుండ్రం గీయి. సర్వీస్ అందుకోవడం, డిఫెన్స్, పడిపోయి మళ్లీ లేచి వెంటనే స్థానానికి రావడం, ఇవి విడివిడిగా పేర్చు. మంచివన్నీ మొదటి అరనిమిషంలో ఉండాలి, మొత్తం మూడు నిమిషాలు దాటొద్దు. చివర్లో ఎడిట్ చేయని ఒక సెట్ పూర్తిగా చూసే లింకు ఇవ్వు, తప్పులున్నా పర్వాలేదు, తప్పు తర్వాత నువ్వేం చేస్తావో కూడా చూస్తారు. మొదటి కార్డు మీద పేరు, జెర్సీ నంబరు, ఎత్తు, ఏ స్థానంలో ఆడతావో రాయి. ఫోన్ నంబరు మాత్రం నీది కాదు, మీ కోచ్‌దో అమ్మానాన్నలదో పెట్టు.

ప్రశ్న: ఒక తల్లి తన కూతురు వీడియోలో ఉండకూడదన్నారు. మిగతా అందరూ సరే అన్నారు. అన్‌లిస్టెడ్ లింకే కదా అని సర్దిచెప్పవచ్చా?

జవాబు: సర్దిచెప్పకండి, తీసేయండి. కారణం అడగడం కూడా అనవసరం. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు అంతే, లింకు చేతికొచ్చినవాళ్లెవరైనా చూడొచ్చు, ఒకరు ఇంకో గ్రూపులో వేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. ప్రైవేట్ పెడితే మీరు ఆహ్వానించిన ఈమెయిళ్ల వాళ్లకే తెరుచుకుంటుంది. అందరి అనుమతీ ఉన్నా సరే, పూర్తి పేరు, బడి పేరు, రోజూ ప్రాక్టీస్ జరిగే చోటు, సమయం ఒకే వీడియోలో కనపడనివ్వకండి. జెర్సీ నంబరు, ముద్దుపేరు చాలు. పిల్లలున్న వీడియోల కింద కామెంట్లని యూట్యూబ్ 2019 నుంచి చాలావాటికి తనే మూసేస్తోంది, మీది తెరిచి ఉంటే మీరే మూసేయండి.

ప్రశ్న: ఇంత కష్టపడి చేశాక వాట్సాప్‌లో పంపితే మసకగా వస్తోంది!

జవాబు: వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది బాగా కుదించేస్తుంది. గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్ అని ఎంచుకుని పంపండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 1080 సైజు, హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ పెడితే ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది. స్టేటస్‌కి నిలువు వీడియో కావాలంటే 1080 వెడల్పు, 1920 ఎత్తు టైమ్‌లైన్ వేరేగా తెరిచి, ఒక్కో క్లిప్‌లో బంతి ఎటు పోతే ఫ్రేముని అటు జరుపుతూ మళ్లీ చేయాల్సిందే. ఆటోమేటిక్‌గా కత్తిరించే బటన్ ఉంటుంది, నొక్కి చూడండి, కానీ చాలాసార్లు అది బంతిని వదిలేసి రిఫరీని పట్టుకుంటుంది.